సమస్య: బలము లేకయె వస్తువు పరుగు తీయు

నిర్వాహకులు:
ఈసారి సమస్యగా తేటగీతి పద్యంలోని చివరి పాదం ఇస్తున్నాం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. తోస్తేనే కదులుతుంది, తోయడం మానితే ఆగుతుందని శతాబ్దాల పాటు పండితులే నమ్మారు. బలమేదీ పనిచేయకపోతే కదిలే వస్తువు అదే వేగంతో, అదే దిశలో సాగుతూనే ఉంటుందని 1687లో న్యూటన్ ప్రకటించిన మొదటి సూత్రం ఆ చిక్కు విప్పింది. ఛందస్సుతో పాటు భౌతికశాస్త్రం కూడా నిలబడాలి.

పూరణ 1
గాలి లేనట్టి గగనాన గమనమొంది
ఆపు శక్తులు లేనిచో నలుపు లేక
తొలుత పొందిన వేగము తొలగకుండ
బలము లేకయె వస్తువు పరుగు తీయు

సమీక్ష: భావం బాగుందండీ. 1977లో బయల్దేరిన వాయేజర్ 1 అంతరిక్ష నౌక ఇప్పటికీ సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది, వెనక నుంచి తోసే ఇంజనేదీ లేదు. సూర్యుడి ఆకర్షణ మాత్రం దాన్ని కొద్దికొద్దిగా వెనక్కి లాగుతూనే ఉంది, అందుకే మీరు పెట్టిన షరతు అవసరం. అయితే శక్తి వేరు, బలం వేరు. "ఆపు బలములు లేనిచో" అనండి, గణం చెడదు. వేగం తొలగదు, తరుగుతుంది. "తాను పొందిన వేగము తరుగకుండ" అంటే యతీ కుదురుతుంది.

పూరణ 2
వాలు మీదను బంతిని వదిలినంత
తోయు చేతుల పనిలేదు తొట్రుపడదు
కింది వైపుకు దొర్లుచు కేళివోలె
బలము లేకయె వస్తువు పరుగు తీయు

సమీక్ష: నడక హాయిగా ఉంది, తప్పు విషయంలో ఉంది. చేతులు తోయనంత మాత్రాన బలం లేనట్టు కాదు, భూమి లాగుతోంది. 30 డిగ్రీల వాలు మీద ఘర్షణ లేకుండా జారే వస్తువు వేగం ప్రతి సెకనుకూ 4.9 మీటర్ల చొప్పున పెరుగుతుంది. వేగం పెరిగిందంటే బలం ఉన్నట్టే, రెండో సూత్రం చెప్పేది అదే. మీ బంతిని వదులుకోకండి, గెలీలియో దాన్నే పట్టుకున్నాడు. ఒక వాలు దిగిన బంతి ఎదుటి వాలు మీద దాదాపు అంతే ఎత్తుకు ఎక్కుతుంది. ఎదుటి వాలు తగ్గించేకొద్దీ ఆ ఎత్తు అందుకోవడానికి ఇంకా దూరం పోతుంది. మరి పూర్తిగా చదును చేస్తే?

పూరణ 2, సవరించినది
వాలు దిగివచ్చు గోళము పరచుకొన్న
చదును నేలపై ఘర్షణ జాడ లేక
దిగిన వేగంబుతోడనే దిశను విడక
బలము లేకయె వస్తువు పరుగు తీయు

సమీక్ష: ఎంత బాగా తిప్పారండీ! "దిశను విడక" అన్న రెండు మాటలు నాకు మరీ నచ్చాయి. వేగం మారకపోయినా దారి వంగితే బలం ఉన్నట్టే. చదును నేల మీద కూడా బంతికి బరువుంది కదా అని ఎవరైనా అడిగితే, జవాబు కింది పద్యంలో ఉంది: ఎదురెదురు బలాలు సరిసమానమైతే మిగిలేది శూన్యమే, ఇక్కడ బరువుకు ఎదురు నిలిచేది నేల.

పూరణ 3
చినుకు బరువును వాయువు చెనకి నిల్ప
సరికి సరియైన బలములు సమసిపోవ
మిగులు శూన్యమె యందుకే మింటినుండి
బలము లేకయె వస్తువు పరుగు తీయు

సమీక్ష: సమస్యలోని బలాన్ని మిగులు బలంగా, అంటే అన్ని బలాలూ కలిపి చూస్తే చివరికి మిగిలేదిగా పట్టుకున్నారు, నా ఓటు దీనికే. పెద్ద చినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగం దగ్గర స్థిరపడుతుంది. గాలి అడ్డుకోకపోతే కిలోమీటరు ఎత్తు నుంచి పడే చినుకు సెకనుకు 140 మీటర్ల వేగంతో నేలను తాకేది. ఈ రెండు బలాలనూ మూడో సూత్రంలోని చర్య, ప్రతిచర్య అనుకోకూడదు. రెండూ చినుకు మీదే పనిచేస్తున్నాయి. బరువుకు ప్రతిచర్య, చినుకు భూమిని పైకి లాగడం.