రివర్స్ కెమెరా బొమ్మ వణుకుతోంది, కెమెరా మార్చాలా?

ప్రశ్న: ఫ్రెండ్స్, నా హ్యాచ్‌బ్యాక్‌కి రివర్స్ కెమెరా, 5 అంగుళాల మానిటర్ నేనే బిగించుకుంటున్నా. కెమెరా ఎరుపు వైరు రివర్స్ లైటు పాజిటివ్‌కి, నలుపు వైరు బాడీకి కలిపాను. బొమ్మ వస్తోంది కానీ వణుకుతోంది, మధ్యమధ్యలో నల్లబడుతోంది, ఇంజిన్ ఆపి కీ మాత్రమే ఆన్ చేసినా అంతే. పైగా కుడివైపు ఉన్న గోడ మానిటర్‌లో ఎడమవైపు కనిపిస్తోంది. కెమెరా పోయిందంటారా?

జవాబు: తొందరపడి మార్చకండి. ముందు కెమెరాకి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ పెట్టిన వైరుతో నేరుగా 12 వోల్టులు ఇచ్చి చూడండి. బొమ్మ నిలకడగా ఉంటే కెమెరా బాగున్నట్టే, తేడా అంతా రివర్స్ లైటు కరెంటులో ఉంది. చాలా కొత్త కార్లలో లైట్లకి కరెంటు ఏకధాటిగా రాదు, కంప్యూటర్ దాన్ని చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ పంపుతుంది. బల్బులో మన కంటికి తేడా తెలీదు కానీ కెమెరా మాత్రం తట్టుకోలేదు. మల్టీమీటర్ కూడా సగటు వోల్టేజే చూపిస్తుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. రివర్స్ కెమెరా పవర్ ఫిల్టర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది, దాన్ని లైటుకీ కెమెరాకీ మధ్యలో పెట్టండి, మానిటర్‌కి వెళ్ళే ట్రిగ్గర్ వైరు (రివర్స్ గేరు పడిందని మానిటర్‌కి చెప్పేది) కూడా ఫిల్టర్ దాటాకే తీసుకోండి.

కుడి ఎడమ తిరగబడటం లోపం కాదండీ. వెనక కెమెరా బొమ్మ అద్దంలోలా రావాలి, మీది ముందు కెమెరా సెట్టింగ్‌లో ఉంది. కొన్ని కెమెరాల వైరు మీద చిన్న లూపులు ఉంటాయి, ఒకటి బొమ్మ తిప్పడానికి, ఇంకోటి బొమ్మ మీద దూరం చూపే గీతలు తీసేయడానికి. ఏది దేనికో కెమెరాతో వచ్చిన కాగితంలో చూసుకున్నాకే కత్తిరించండి, తెగిన కొసలకి టేపు చుట్టండి. లూపులు లేకపోతే మానిటర్ మెనూలో వెతకండి.

ఇంకొకరు: గ్రౌండ్, అంటే నలుపు వైరు బాడీకి కలిపిన చోటు కూడా చూడండి. పెయింటు మీద స్క్రూ బిగిస్తే సరిపోదు, కింద వట్టి లోహం తగలాలి. డిక్కీ తలుపు దగ్గర వైరుని బయట నుంచి లాగొద్దు, తలుపు మూసినప్పుడు నలిగి తెగుతుంది. బాడీకీ తలుపుకీ మధ్య ముడతల రబ్బరు గొట్టం ఉంటుంది కదా, దాని రెండు కొసలూ నెమ్మదిగా ఊడదీసి, గట్టి తీగకి కెమెరా వైరు కొస టేపుతో చుట్టి, కాస్త సబ్బునీళ్ళు రాసి తోయండి, జారిపోతుంది. తలుపు పూర్తిగా ఎత్తి, లోపల వైరు బిగుసుకోకుండా కాస్త వదులు ఉంచాకే రబ్బరు మళ్ళీ కూర్చోపెట్టండి, సరిగ్గా కూర్చోకపోతే వానకి నీళ్ళు దిగుతాయి.

ప్రశ్న: బ్యాటరీ నుంచి ఇస్తే బొమ్మ అస్సలు కదల్లేదు, ఫిల్టర్ పెట్టాక అంతా బాగుంది, చాలా థాంక్స్ అండీ. కానీ రివర్స్ వేశాక మానిటర్ వెలగడానికి కాస్త సేపు పడుతోంది, ఈలోగా బండి కదిలిపోతుందేమోనని టెన్షన్.

జవాబు: మానిటర్‌కి కూడా రివర్స్ లైటు నుంచే పవర్ ఇచ్చి ఉంటారు, అందుకే గేరు వేసిన ప్రతిసారీ మొదటి నుంచి ఆన్ అవుతోంది. ఫ్యూజ్ బాక్సులో కీ తిప్పితే వచ్చే లైను నుంచి ఫ్యూజ్ ట్యాప్‌తో (ఫ్యూజ్ చోట గుచ్చి ఇంకో లైను తీసుకునే ముక్క) పవర్ ఇవ్వండి, అప్పుడది సిద్ధంగా ఉంటుంది, ట్రిగ్గర్ రాగానే బొమ్మ చూపిస్తుంది. అమెరికా నిబంధన ప్రకారం రివర్స్ వేసిన 2 సెకన్లలోపు బొమ్మ రావాలి, 2018 మే నుంచి అక్కడ కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి. ఈ పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కారు అద్దాల పక్క స్తంభాల్లో ఎయిర్‌బ్యాగ్ ఉంటే దాని ముందు నుంచి వైరు పోనివ్వకండి, తెరుచుకునేటప్పుడు అడ్డం పడుతుంది.

అన్నీ అయ్యాక బంపరు నుంచి మీటరు దూరంలో ఒక డబ్బా పెట్టి, మానిటర్‌లో ఎరుపు గీత దానికి ఎక్కడ తగులుతోందో చూసుకోండి. ఆ గీతలు ఫ్యాక్టరీలో గీసినవి, మీ కారు ఎత్తు వాటికి తెలీదు.