ఇంప్లాంట్ శస్త్రచికిత్స అయి ఏడు వారాలు: మళ్లీ బరువులు ఎప్పుడు ఎత్తవచ్చు?

ప్రశ్న (హనుమకొండ, 41 ఏళ్లు, ఉపాధ్యాయురాలు)

అందరికీ నమస్కారం. ఎడమ రొమ్ములో క్యాన్సర్ అని తేలడంతో రొమ్ము తీసివేసి, అదే శస్త్రచికిత్సలో సిలికాన్ ఇంప్లాంట్ అమర్చారు. ఈ ఆదివారానికి ఏడు వారాలు నిండుతాయి. చంకలోంచి మూడు లింఫ్ గ్రంథులు తీసి పరీక్షించారు, వాటిలో క్యాన్సర్ ఏమీ లేదన్నారు. రేడియేషన్ అవసరం పడలేదు. క్యాన్సర్ తిరగబెట్టకుండా రోజుకొక టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నాను.

నాలుగేళ్లుగా జిమ్‌కు వెళ్తున్నాను. ఇదంతా జరగక ముందు స్క్వాట్ (బరువుతో కూర్చుని లేవడం) 60 కిలోలు, డెడ్‌లిఫ్ట్ (నేలమీది బరువు ఎత్తి నిలబడటం) 80, బెంచ్ ప్రెస్ (వెల్లకిలా పడుకుని బరువు పైకి నెట్టడం) 35 చేసేదాన్ని. గొప్పలకు చెప్పడం లేదు, ఎక్కడినుంచి ఎక్కడికి పడిపోయానో తెలియడానికి చెబుతున్నాను. ఇప్పుడు పప్పు డబ్బా పై అరలోంచి దించాలన్నా చేయి చెవి దాటి లేవడం లేదు.

సర్జన్‌ను అడిగితే "తేలికవి చేసుకోండి, బరువైనవి తర్వాత" అన్నారు. తేలిక అంటే ఎంత, తర్వాత అంటే ఎప్పుడు అని అడిగేలోపే బయట ఇంకో పది మంది ఉన్నారు. జిమ్ కోచ్ ఏమో ఛాతీ వ్యాయామాలు వెంటనే మొదలుపెట్టకపోతే లోపల గట్టిపడిపోతుందని తొందర పెడుతున్నాడు. మా అత్తయ్యేమో ఆ చేత్తో ఇక జన్మలో బరువు ఎత్తకూడదంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు 1 (విశాఖపట్నం, 34 ఏళ్లు)

అక్కా, నాది మీ కథ కాదు. నేను క్యాన్సర్ వల్ల కాదు, నా ఇష్టంతోనే రెండు వైపులా పెట్టించుకున్నాను, మూడేళ్లయింది. కాబట్టి నా లెక్కలు మీకు పనికిరావు. నేను చేసిన పొరపాటు మాత్రం పనికొస్తుంది.

రెండో రోజునుంచే నడిచాను. మూడో వారం మెట్లెక్కడం, చేతులు ఆనించకుండా కదలని వ్యాయామ సైకిల్. అంతా బాగుంది. ఆరు వారాలు జిమ్‌కు వెళ్లనని డాక్టరుకు మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను కూడా. కానీ నాలుగో వారంలో ఇంట్లో 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తి డిస్పెన్సర్ మీద బోర్లించాను! అది జిమ్ కాదు కదా అని నా ధీమా. సాయంత్రానికి కుడివైపు ఉబ్బింది. స్కాన్ తీస్తే లోపల ద్రవం చేరిందన్నారు. సూదితో తీశారు, మరో మూడు వారాలు ఇంట్లో కూర్చున్నాను.

20 లీటర్ల నీళ్లంటే 20 కిలోలు. కండరానికి ఇనుమైనా ఒకటే, నీళ్లైనా ఒకటే.

జవాబు 2 (హైదరాబాద్, ఫిజియోథెరపిస్టు)

పై చెల్లెలు చెప్పిన మాట నేను క్లినిక్‌లో రోజూ చెప్పేదే. డంబెల్ గురించి అడుగుతారు, గ్యాస్ సిలిండర్ గురించి అడగరు. 14.2 కిలోలన్నది లోపలి గ్యాస్ ఒక్కదాని బరువు, ఖాళీ బండతో కలిపితే 30 కిలోలకు దగ్గర. చపాతీ పిండి గట్టిగా పిసకడం, తడి దుప్పటి పిండడం, స్కూటరుకు సెంటర్ స్టాండ్ వేయడం, ఇవన్నీ ఛాతీ కండరంతో చేసే పనులే. అన్నింటికన్నా ప్రమాదం ఆర్టీసీ బస్సులో పైకమ్మీ పట్టుకుని నిలబడటం. డ్రైవరు ఒక్క బ్రేకు వేస్తే మీ ఒంటి బరువంతా ఆ చేతి మీద పడుతుంది. కొన్నాళ్లు కుడి చేత్తో పట్టుకోండి, లేదా సీటు అడిగి కూర్చోండి.

ఇక మీ ప్రశ్న. వారాలు లెక్కపెట్టే ముందు మీ డిశ్చార్జి కాగితాల్లో శస్త్రచికిత్స వివరాలు చూడండి. ఇంప్లాంట్ ఛాతీ కండరం పైన పెట్టారా, కింద పెట్టారా? ద్రవం బయటికి తీసే గొట్టం ఎప్పుడు తీసేశారు? చేయి పైకెత్తినప్పుడు చంకలో తీగలాగా ఏమైనా లాగుతోందా? ఇవి తెలియకుండా "ఆరు వారాల తర్వాత అన్నీ చేయవచ్చు" అని చెప్పేవాళ్లను నమ్మకండి.

ప్రశ్న అడిగినవారు

మేడమ్, కాగితాలు ఇప్పుడే తీసి చూశాను. కండరం కింద అని ఉంది, కింది భాగంలో జాలీ లాంటిది కుట్టారట. గొట్టం పదమూడో రోజు తీశారు. తీగ సంగతి మీకెలా తెలిసింది? చంకనుంచి మోచేతి లోపలివరకు వీణ తీగలాగా బిగుస్తోంది. కుట్టు ఏదో లోపల మిగిలిపోయిందనుకుని భయపడుతున్నాను.

జవాబు 2 (ఫిజియోథెరపిస్టు)

కుట్టు కాదు, భయపడకండి. చంకలో గ్రంథులు తీసినవాళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. అక్కడి సన్నని నాళాలు, చుట్టూ ఉన్న కణజాలం బిగుసుకుని తాడులా తగులుతాయి. మెల్లగా సాగదీస్తే చాలామందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో సడలిపోతుంది. దీన్ని అలాగే ఉంచి బరువులు మొదలుపెడితే చేయి పూర్తిగా లేవదు, భుజం వంకరగా పనిచేయడం నేర్చుకుంటుంది, ఆరు నెలలకు భుజం నొప్పితో నా దగ్గరికి వస్తారు. అందుకే మొదటి పని చేయి పూర్తిగా పైకి లేవడం. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించండి. వెల్లకిలా పడుకుని రెండు చేతులతో కర్ర పట్టుకుని తలమీదుగా వెనక్కి తీసుకెళ్లండి. రోజుకు మూడు నాలుగు సార్లు, ప్రతిసారీ ఐదు నిమిషాలు. లాగినట్టు ఉండవచ్చు, పొడిచినట్టు ఉండకూడదు. ఒక్కసారైనా దగ్గర్లోని ఫిజియోథెరపిస్టుకు చూపించండి, ఇది చేత్తో తాకి చూడాల్సిన విషయం.

కండరం కింద అన్నారు కదా, అక్కడ ఏం జరిగిందో చెబుతాను. ఛాతీ పెద్ద కండరం ఒక కొస భుజం ఎముకకు, మరో కొస రొమ్ము ఎముకకు, పక్కటెముకలకు అతుక్కుని ఉంటుంది. ఇంప్లాంట్‌కు చోటు చేయడానికి ఆ కింది అతుకును కొంతమేర విడదీస్తారు. మీరు 35 కిలోలు నెట్టిన కండరం ఇప్పుడు ఆ పాత రూపంలో లేదు. చర్మంమీద గాయం మానినట్టు కనిపించినా లోపలి మచ్చకు బలం నెమ్మదిగా వస్తుంది. మూడో వారానికి అసలు బలంలో పావువంతుకు అటూఇటూ, మూడు నెలలకు సుమారు 80 శాతం. ఆ తర్వాత కూడా నూటికి నూరు రాదు. చాలామంది సర్జన్లు ఛాతీ వ్యాయామాలకు మూడు నెలలు ఆగమనడానికి ఇదే కారణం. కండరం పైన పెట్టినవాళ్లకు కొంత ముందే అనుమతిస్తారు.

జవాబు 3 (గుంటూరు, జిమ్ కోచ్)

క్షమించాలి, నేనూ ఆ కోచ్ లాంటివాణ్నే. వ్యాయామం చేయకపోతే ఇంప్లాంట్ చుట్టూ గట్టిపడుతుందని మాకు శిక్షణలో ఎవరో చెప్పారు, మేమూ అదే చెబుతున్నాం. బెంచ్ ప్రెస్ చేస్తే ఆ గట్టిదనం రాదు కదా?

జవాబు 2 (ఫిజియోథెరపిస్టు)

అడిగినందుకు సంతోషం. చాలామంది అడగరు, చేయించేస్తారు. రెండు రకాల బిగుతును మీరు కలిపేస్తున్నారు. ఒకటి కండరం, భుజం బిగుసుకోవడం. దీనికి కదలిక మందే. రెండోది ఇంప్లాంట్ చుట్టూ శరీరం అల్లుకునే మచ్చపొర. అది అందరికీ ఏర్పడుతుంది, కొందరికి మాత్రమే ముడుచుకుని రాయిలా గట్టిపడుతుంది. ఇన్ఫెక్షన్, లోపల రక్తం చేరడం, రేడియేషన్ లాంటివి దానికి దోహదం చేస్తాయి. బెంచ్ ప్రెస్ దాన్ని ఆపదు. తొందరపడి నెట్టి లోపల రక్తం చిమ్మితే మీరు ఆపుదామనుకున్నదానికే దారి చేసినవారవుతారు.

హనుమకొండ మేడమ్‌గారూ, వరస ఇలా పెట్టుకోండి. దీన్ని మీ సర్జన్‌కు చూపించి ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి.

ఇప్పటినుంచే కాళ్లు. కానీ ఇక్కడే తెలియకుండా చేతులు దూరతాయి. బార్ (బరువులు తగిలించే ఇనుప కడ్డీ) వీపు మీద పెట్టుకుని స్క్వాట్ చేయాలంటే భుజాలు వెనక్కి మెలితిప్పాలి, ఛాతీ కుట్లు సాగుతాయి. డంబెల్‌ను గుండెలకు హత్తుకుని చేసే స్క్వాట్ అయితే నేరుగా ఇంప్లాంట్ మీదే ఒత్తుతుంది. అందుకని ప్రస్తుతం ఒట్టి శరీర బరువుతో ఒక కాలు ముందుకు పెట్టి కూర్చుని లేవడం, మెట్టు ఎక్కి దిగడం, పడుకుని నడుము పైకెత్తడం, కాళ్ల మెషీన్లు. మెషీన్ పిడిని బిగించి పట్టుకోకండి, ఒళ్లో చేతులు పెట్టుకోండి. ఊపిరి బిగబట్టవద్దు, లేచేటప్పుడు వదలండి.

చేయి చెవి పక్కకు నిటారుగా లేచిన తర్వాత వీపు వ్యాయామాలు. రబ్బరు బ్యాండు లాగడం, భుజం రెక్కలు దగ్గరకు తేవడం. శస్త్రచికిత్స తర్వాత అందరూ గూనిగా ముందుకు ముడుచుకుంటారు, దాన్ని విప్పేది ఇదే. పదో వారం ప్రాంతంలో ఖాళీ బార్‌తో, లేదా అంతకన్నా తేలిక డంబెల్స్‌తో డెడ్‌లిఫ్ట్ కదలిక మొదలుపెట్టవచ్చు. 80 కిలోల సంగతి ఈ ఏడాదికి మరచిపోండి.

మూడు నెలలు దాటాక, సర్జన్ సరేనంటేనే, ఛాతీ. మొదట గోడను నెట్టడం. రెండు వారాలు వాపు, నొప్పి లేకపోతే వంటగట్టు మీద చేతులు పెట్టి నెట్టడం. ఆ తర్వాత మోకాళ్లు ఆనించి పుషప్‌లు, చివరికి మామూలు పుషప్‌లు. బెంచ్‌కు బదులు నేలమీద పడుకుని డంబెల్స్ నెట్టండి. మోచేయి నేలకు తగిలి ఆగిపోతుంది కాబట్టి ఛాతీ అతిగా సాగదు. చేతులు బార్లా చాచి దగ్గరకు తెచ్చే ఫ్లై, సమాంతర కమ్మీల మీద ఒంటిని దించి లేపే డిప్స్, ఈ రెండూ మీలాంటివారికి ఎప్పటికీ వద్దనే సర్జన్లు ఉన్నారు. నా అభిప్రాయం కూడా అదే. ఒంట్లో ఇంత పెద్ద మార్పు జరిగాక ఆ రెండు వ్యాయామాలు లేకపోతే కొంపేమీ మునగదు.

ఛాతీ బిగించినప్పుడు ఇంప్లాంట్ పక్కకు జరిగినట్టు, పైన చర్మం ముడత పడినట్టు అద్దంలో కనిపిస్తుంది. మొదటిసారి చూసి హడలిపోతారు. కండరం కింద పెట్టినవాళ్లలో ఇది మామూలే, పగిలిందని అర్థం కాదు. రానురాను ఎక్కువవుతుంటే మాత్రం చూపించండి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ చెప్పరు. రొమ్ము తీసినచోట చర్మానికి చాలామందిలో స్పర్శ బాగా తగ్గిపోతుంది, లేదా అసలే ఉండదు. బార్ ఒత్తుకుని కమిలినా తెలియదు. నొప్పికని వేడినీళ్ల సంచి పెట్టుకుని బొబ్బలెక్కించుకున్నవాళ్లను చూశాను. ఆ భాగంమీద వేడి వద్దు, ఐసు కూడా వద్దు. వ్యాయామం అయ్యాక అద్దంలో చూసుకోవడం అలవాటు చేసుకోండి.

జవాబు 4 (డల్లాస్, 56 ఏళ్లు)

అమ్మా, నాకు ఇదే జబ్బు వచ్చి పదకొండేళ్లు. నావి పద్నాలుగు గ్రంథులు తీశారు, ఎడమ చేతికి వాపు ఉంది. మీ అత్తగారి మాట గురించి చెబుతాను, ఆవిడను తప్పుపట్టకండి. ఒకప్పుడు డాక్టర్లూ అదే చెప్పేవారు, వాపు వస్తుందని ఆ చేత్తో చంటిపిల్లను కూడా ఎత్తవద్దనేవారు.

2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు ఈ భయాన్ని పరీక్షకు పెట్టారు. చేతి వాపు ఉన్న 141 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో వారానికి రెండుసార్లు బరువులు ఎత్తించారు. ఏడాది తర్వాత చూస్తే బరువులు ఎత్తినవాళ్లకు వాపు పెరగలేదు సరికదా, వాపు ముదిరిన సందర్భాలు రెండో గుంపుకన్నా తగ్గాయి. కిటుకు ఏమిటంటే, దాదాపు సున్నానుంచి మొదలుపెట్టారు, వీలైనంత చిన్న మెట్లలో పెంచారు, మొదటి మూడు నెలలు పక్కన శిక్షకులు ఉన్నారు. వాపు ఉన్నవాళ్లు చేతికి బిగుతు తొడుగు వేసుకునే చేశారు. నేనూ అలాగే అర కిలోతో మొదలుపెట్టాను. సిగ్గేసింది, పక్కన మా మనవరాలు నా డంబెల్‌కన్నా బరువైన బొమ్మ ఎత్తేది.

మీకు మూడు గ్రంథులే తీశారు కాబట్టి చేతి వాపు ముప్పు నాకన్నా తక్కువ, కానీ సున్నా కాదు. గాజులు, ఉంగరం బిగుతయ్యాయా అని చూసుకుంటూ ఉండండి. చేయి కొలిచే టేపుకన్నా ముందు గాజు చెబుతుంది.

ప్రశ్న అడిగినవారు

పిన్నీ, మేడమ్, అందరికీ దండాలు. ఒక్క సందేహం. ఏ లక్షణం వస్తే మానేయాలి, ఏది వస్తే పరుగెత్తాలి?

జవాబు 2 (ఫిజియోథెరపిస్టు)

మరునాడు కండరాల్లో తీపు మామూలే. రెండో రోజుకు తగ్గకపోతే బరువు తగ్గించండి. చేయి బరువెక్కినట్టు, ఉంగరం బిగిసినట్టు ఉంటే ఆ వారం ఆపి చూపించండి. ఒక్కవైపే ఉన్నట్టుండి ఉబ్బడం, ఎర్రబడి వెచ్చగా ఉండటం, జ్వరం, గాయంనుంచి రసి కారడం, వీటికి అదేరోజు సర్జన్ దగ్గరికి. మీరు టామాక్సిఫెన్ వాడుతున్నారు కాబట్టి ఇంకొకటి గుర్తుంచుకోండి. ఆ మందుతో కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే అవకాశం కొంత పెరుగుతుంది. ఒకే పిక్క వాచి నొప్పెడితే వ్యాయామం నొప్పి అనుకుని నూనె రాసి మర్దనా చేయవద్దు, ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసం, గుండెల్లో నొప్పి ఉంటే అర్ధరాత్రైనా ఆగవద్దు.

ప్రశ్న అడిగినవారు (నాలుగు నెలల తర్వాత)

ఎవరైనా ఇదే వెతుక్కుంటూ వస్తారేమోనని రాస్తున్నాను. కాగితాలు పట్టుకుని వెళ్లి, ప్రశ్నలు ముందే రాసుకుని అడిగితే సర్జన్ పది నిమిషాలు ఓపికగా చెప్పారు. పదమూడో వారంలో గోడ, పదహారో వారంలో వంటగట్టు. తీగ పన్నెండో వారంలో ఒకరోజు టప్ అని తెగినట్టు శబ్దమై వదిలింది, ప్రాణం పోయినంత పనైంది. అడిగితే అలా జరుగుతుందిలే అన్నారు ఫిజియోథెరపిస్టు.

ఇప్పుడు నేలమీద పడుకుని చేతికి నాలుగేసి కిలోలు నెడుతున్నాను. డెడ్‌లిఫ్ట్ 35కు వచ్చింది. మా అత్తయ్య సాయంత్రాలు నాతోపాటు గోడ నెడుతున్నారు, భుజం నొప్పి తగ్గిందట.

నీళ్ల క్యాన్ మాత్రం ఇప్పటికీ మా ఆయనే ఎత్తుతున్నారు. డాక్టరు నాకు అనుమతిచ్చి నెల దాటిందని ఆయనకు ఇంకా చెప్పలేదు.