జలపాతం వీడియో చూశాక గోడ పైకి పాకుతోంది, ఇదేంటి?

నిద్రపట్టనివాడు:
లాప్‌టాప్‌లో జలపాతం వీడియో పెట్టుకుని, ఒకేచోట చూపు నిలిపి ఓ నిమిషం చూశాను. ఆపేసి గోడ వైపు చూస్తే గోడంతా మెల్లగా పైకి పాకుతోంది! కాసేపటికి తగ్గింది. కళ్లకేమైనా అయిందేమోనని టెన్షన్‌గా ఉంది. మీకెవరికైనా ఇలా అయిందా?

వెనకబెంచీ మాస్టారు:
టెన్షన్ అక్కర్లేదు, దాదాపు అందరికీ అవుతుంది. నేను ఫిజియాలజీ చెబుతాను, క్లాసులో పిల్లల చేత ఇదే చేయిస్తుంటాను. 1834లో రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయన స్కాట్లాండ్‌లోని ఫోయర్స్ జలపాతాన్ని అలాగే చూసి, పక్కనున్న రాళ్లు పైకి పోతున్నట్టు కనిపించాయని రాశాడు.

మెదడులో కదలికను పట్టే కణాలున్నాయి. కొన్ని కిందికి పోయేవాటికి గట్టిగా స్పందిస్తాయి, కొన్ని పైకి పోయేవాటికి. కదలని గోడను చూస్తున్నప్పుడు కూడా రెండు జట్లూ కొద్దికొద్దిగా పనిచేస్తూనే ఉంటాయి. తక్కెడ సమంగా ఉంటే గోడ నిలకడగా కనిపిస్తుంది. నిమిషం సేపు నీళ్లు పడుతుంటే చూశారు కాబట్టి కిందివైపు జట్టు మందగించింది. దాంతో ముల్లు పైకి మొగ్గింది.

కళ్ల మీద అనుమానముంటే ఇలా చేయండి. ఎడమకన్ను మూసి కుడికంటితో వీడియో చూడండి. ఆపాక కుడికన్ను మూసి, ఎడమకన్ను తెరిచి గోడను చూడండి. కాస్త తక్కువగానైనా కదలిక కనిపిస్తుంది. ఆ కన్ను అసలు జలపాతాన్నే చూడలేదు కదా! అంటే ఈ తంతు చాలావరకు రెండు కళ్ల సమాచారం కలిసేచోట, మెదడులోనే జరుగుతోంది.

నిద్రపట్టనివాడు:
చేశాను, నిజమే! కానీ ఇంకో వింత. గోడ పైకి పోతూనే ఉంది, దానికున్న మేకు మాత్రం ఉన్నచోటే ఉంది. రెండూ ఎలా కుదురుతాయి?

వెనకబెంచీ మాస్టారు:
భలే పట్టుకున్నారు. పిల్లల్లో చాలామంది దీన్ని గమనించరు. వస్తువు ఎక్కడుంది, ఎటు కదులుతోంది అనే లెక్కలు మెదడు చాలావరకు విడివిడిగా వేసుకుంటుంది. ఇక్కడ కదలిక లెక్క మాత్రమే తప్పింది.

ఆ లెక్క పూర్తిగా పోతే? 1983లో ఎల్.ఎమ్. అనే పేషెంట్ గురించి ఒక పరిశోధన పత్రం వచ్చింది. ఆమెకు మెదడులో రెండువైపులా, కదలికను చూసే భాగం దెబ్బతింది. రంగులు, మనుషులు, వస్తువులు బాగానే తెలిసేవి. కప్పులో టీ పోస్తుంటే మాత్రం ధార గడ్డకట్టినట్టు నిలిచిపోయేది. కప్పు నిండుతున్న సంగతి తెలిసేది కాదు, ఎక్కడ ఆపాలో అర్థమయ్యేది కాదు. రోడ్డు మీద దూరంగా ఉన్న కారు ఉన్నట్టుండి దగ్గర ప్రత్యక్షమయ్యేది.

సందేహాలరావు:
మరి మనం చూపు తిప్పిన ప్రతిసారీ కంట్లో బొమ్మంతా జరుగుతుంది కదా, గది ఎందుకు ఊగదు?

వెనకబెంచీ మాస్టారు:
కంటి కండరాలకు ఆర్డర్ వేసినప్పుడే మెదడు దాని కాపీ ఒకటి తన దగ్గర ఉంచుకుని, ఆ మేరకు సర్దుకుంటుంది. ఒక కన్ను మూసి, రెండోదాన్ని రెప్ప మీంచి పక్కగా వేలితో అతి మెల్లగా నొక్కండి. ఆర్డర్ వెళ్లలేదు కాబట్టి గది ఊగుతుంది. కాంటాక్ట్ లెన్స్ ఉన్నా, కంటి ఆపరేషన్ అయినా ఈ పని పెట్టుకోకండి.