రెయిన్‌బో బోవా: పెద్దయ్యాక ఎంత పెరుగుతుంది, కరిచే రకమా?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్ నుంచి)

అందరికీ నమస్కారం. మా బాబుకి పన్నెండేళ్లు. పాము పెంచుకుంటానని చాలాకాలంగా ఒకటే పట్టు. మొన్న రెప్టైల్ షోకి తీసుకెళ్తే బ్రెజిలియన్ రెయిన్‌బో బోవా పిల్ల దగ్గర ఆగిపోయాడు. నారింజ రంగు ఒళ్లు, వీపు మీద నల్ల వలయాలు, లైటు పడితే నీలం, ఆకుపచ్చ మెరుపు. నాకూ నచ్చింది, అబద్ధం చెప్పను. కానీ అమ్మేవాడు డబ్బా మూత తీసి పట్టుకోబోతే అది రెండుసార్లు నోరు తెరిచి చేతి మీదికి దూకింది. "చిన్నప్పుడు అంతే, పెద్దయ్యాక మెత్తబడుతుంది" అన్నాడు. అది నిజమా, అమ్ముకోవడానికి చెప్పిన మాటా? పొడవు అయిదడుగులని అతనన్నాడు, ఇంకెక్కడో ఏడని చదివాను. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. సంక్రాంతి అయ్యాక మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటారు. పెంచినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు (హ్యూస్టన్ నుంచి)

అమ్మేవాడు చెప్పింది చాలావరకు నిజమేనండీ, కాకపోతే సగమే చెప్పాడు. నా దగ్గర ఈ జాతి ఆడపాము ఒకటి, మగది ఒకటి ఉన్నాయి. రెండింటినీ పిల్లలుగా ఉన్నప్పటి నుంచి పెంచుతున్నాను.

ముందు పొడవు సంగతి. ఈ బోవాలు గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. పుట్టినప్పుడు పిల్ల అడుగున్నర అటూ ఇటూగా ఉంటుంది. మూడు నాలుగేళ్లకు దాదాపు పూర్తి సైజుకి వస్తుంది. బ్రెజిలియన్ రకం పెద్దయ్యాక మామూలుగా 5 నుంచి 6 అడుగులు. ఆడది మగదానికన్నా పొడవూ లావూ ఎక్కువ. ఏడడుగుల ఆడపాములు ఉన్నాయి కానీ అరుదు. మన పొలం గట్ల మీద కనిపించే జెర్రిపోతు పొడవే అనుకోండి, కాస్త కండ ఎక్కువ. పెద్దవాళ్లు ఒక్కరే రెండు చేతులతో ఎత్తగలిగే పాము ఇది. కొండచిలువలా ఇద్దరు ముగ్గురు కలిసి మోయాల్సిన అవసరం రాదు.

మీరు చదివిన లెక్కలు ఒకదానికొకటి పొసగకపోవడానికి కారణం రెయిన్‌బో బోవాల్లో రకాలుండటం. ఒకప్పుడు వీటిని ఒకే జాతిలోని ఉపజాతులుగా చూసేవారు. 2008లో బ్రెజిల్ పరిశోధకులు పరిశీలించి అయిదు వేర్వేరు జాతులుగా విడదీశారు. పెంపకంలో ఎక్కువగా దొరికేవి బ్రెజిలియన్, కొలంబియన్ రకాలు. కొలంబియన్‌ది 4 నుంచి 5 అడుగులు. పిల్లప్పుడు ఒంటి మీద మచ్చలు స్పష్టంగా ఉంటాయి, పెద్దయ్యేకొద్దీ అవి మాసిపోయి ఒళ్లంతా గోధుమ రంగుకి తిరుగుతుంది. మెరుపు మాత్రం పోదు. అర్జెంటీనా రకం కూడా చిన్నదే, కానీ ఎక్కడబడితే అక్కడ దొరకదు. బాబు మనసు ఆ నారింజ రంగు మీద ఉంటే బ్రెజిలియనే చూడాలి.

ఇక కరవడం. ఈ పిల్లలకు పుట్టిన రోజు నుంచీ తల్లి సాయం ఉండదు. అమెజాన్ అడవిలో పక్షి నుంచి పెద్ద పాము దాకా ప్రతిదీ వాటిని తినేదే. పైనుంచి నీడ పడితే చాలు, చావు వచ్చిందనుకుని నోరు తెరుస్తాయి. మీరు షోలో చూసింది ఆ భయమే. విషం లేదు. పిల్ల కరిస్తే గుండుసూది గుచ్చుకున్నట్టు నాలుగైదు చుక్కల రక్తం వస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. పద్ధతిగా చేతికి అలవాటు చేస్తే చాలావాటికి మొదటి ఏడాది, ఏడాదిన్నరలోనే ఆ దూకుడు తగ్గిపోతుంది. పెద్దవి నెమ్మదిగా, ఆసక్తిగా చేతుల మీద పాకుతాయి. నా మగది అయితే తలుపు తీయగానే నాలుక ఆడిస్తూ తనే బయటికి వస్తుంది.

అతను చెప్పకుండా వదిలేసిన సగం ఏమిటంటే, ఈ మెత్తదనం ఊరికే రాదు. పెట్టెలో పెట్టి ఏడాదంతా కదల్చకుండా వదిలేస్తే పెద్దయ్యాక కూడా అలాగే దూకుతుంది, అప్పుడు దాని నోరు కూడా పెద్దది. పైగా వీటికి తిండి యావ ఎక్కువ. పెదవుల మీదున్న చిన్న గుంటలతో వేడిని పసిగడతాయి. రాత్రిపూట ఆకలి మీద ఉన్నప్పుడు వెచ్చటి చెయ్యి లోపలికి వస్తే ఎలక అనుకుని పట్టేస్తాయి. దాన్ని కోపమని అనుకోకండి, పొరపాటు పడటం అంతే. ఈ రెండింటికీ తేడా బాబుకి తెలిసి ఉండాలి.

జవాబు (ఫీనిక్స్, అరిజోనా నుంచి)

హ్యూస్టన్ అన్న చెప్పినవన్నీ సరైనవే. నా ఉద్దేశంలో మాత్రం మీరు భయపడాల్సింది దాని పొడవుకీ నోటికీ కాదు, మీ ఇంటి గాలికి. ఈ పాములు చచ్చిపోయేది ఎక్కువగా ఒళ్లు ఎండిపోయే.

హ్యూస్టన్‌లో గాలే తేమగా ఉంటుంది. మీ ఫ్రిస్కోలో చలికాలం హీటర్ వేస్తే ఇంట్లో తేమ 30 శాతానికి పడిపోతుంది. రెయిన్‌బో బోవా పిల్లకి కావలసింది 80 నుంచి 90 శాతం, పెద్దదానికి 70 నుంచి 80. పైన జాలీ మూత ఉన్న గాజు ట్యాంకులో ఎంత నీళ్లు చిలకరించినా గంటలో ఆవిరైపోతుంది. ముందు తలుపులున్న పీవీసీ పెట్టె కొనండి. కింద మూడు నాలుగు అంగుళాల మందాన కొబ్బరి పొట్టు, సైప్రస్ మల్చ్ (సైప్రస్ చెట్టు చెక్క పొట్టు) కలిపి పరిచి, అడుగు పొరను తడిగా ఉంచి పైపొరను కాస్త ఆరనివ్వండి. ఎప్పుడూ తడి మీదే పడుకుంటే పొట్ట కింది పొలుసులు కుళ్లుతాయి. తేమ ఉండాలి గానీ చిత్తడి ఉండకూడదు. గాలి ఆడే సందులు పూర్తిగా మూసేయకండి. పిల్ల దాక్కునే మూత డబ్బాలో తడి నాచు పెడితే సగం సమస్య తీరినట్టే.

తేమ సరిపోయిందో లేదో కుబుసమే చెప్తుంది. మూతి నుంచి తోక దాకా మేజోడు తిప్పి తీసినట్టు ఒకటే ముక్కగా రావాలి. ముక్కలు ముక్కలుగా ఊడినా, కళ్ల మీది పొర అలాగే ఉండిపోయినా గాలి పొడిగా ఉందని అర్థం. ఆ పొరని గోటితో గీకొద్దు. తేమ పెంచండి, తర్వాతి కుబుసంతో దాదాపు ఎప్పుడూ పోతుంది. పోకపోతే పాముల్ని చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

రెండోది వేడి. ఇళ్లలో పెంచే ఇంకో పాము బాల్ పైథాన్‌కి పెట్టినంత వేడి దీనికి పెట్టకూడదు. వెచ్చటి వైపు 84 నుంచి 88 ఫారెన్‌హీట్, చల్లటి వైపు 75 దగ్గర. 90 దాటితే తట్టుకోలేదు. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా హీట్ ప్యానెల్‌గానీ మ్యాట్‌గానీ పెట్టనే పెట్టకండి. పెట్టెని కిటికీ ఎండ తగిలే చోట ఉంచకండి. ఆ ఇంద్రధనుస్సు మెరుపు చూపించాలని చాలామంది ఎండలో పెడతారు. ఆ మెరుపు రంగు వల్ల వచ్చేది కాదు. పొలుసుల మీది కంటికి కనపడని సన్నటి గీతల మీద పడి వెలుతురు చీలుతుంది. టార్చి లైటు వేసినా అంతే అందంగా కనిపిస్తుంది.

ఫిబ్రవరి 2021లో టెక్సస్‌లో మంచు తుపానుకి కరెంటు పోయినప్పుడు ఏమైందో మీకు తెలిసే ఉంటుంది. అలా కరెంటు పోతే పాముని దిండు గలీబులో వేసి, ఆ గలీబు మూతి కట్టి, గాలి ఆడేలా థర్మాకోల్ డబ్బాలో పెట్టి, డబ్బాలో ఒక పక్కన హ్యాండ్ వార్మర్ (చేతులు వెచ్చబెట్టుకునే చిన్న సంచి) గుడ్డలో చుట్టి ఉంచాలి. ఒంటికి నేరుగా తగలకూడదు. ఇవి ముందే ఇంట్లో ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. తేమ గురించి అసలు ఆలోచించలేదు. మరి పాప సంగతి? అత్తగారి సంగతి? ఆవిడ పూజలు చేసుకుంటారు, మాంసం ముట్టరు. ఫ్రిజ్‌లో ఎలకలు పెట్టాలంటే ఇంట్లో యుద్ధమే. దీనికి పర్మిట్ లాంటిది ఏమైనా కావాలా?

జవాబు (న్యూజెర్సీ నుంచి)

పాప గురించి నేను చెప్తాను, నర్సుగా పనిచేస్తున్నాను. పాము ఆరోగ్యంగా కనిపిస్తున్నా దాని పేగుల్లో సాల్మొనెల్లా అనే, జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. పాము కరవకపోయినా, పెట్టెని ముట్టిన చేతుల నుంచి, నీళ్ల గిన్నె కడిగిన సింకు నుంచి అంటుకుంటుంది. అయిదేళ్లలోపు పిల్లలు, 65 దాటినవాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లు పాకే జంతువులకు దూరంగా ఉండాలని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ స్పష్టంగా చెప్తుంది. మీ ఇంట్లో ఆ లెక్కలోకి పాప వస్తుంది, వయసుని బట్టి అత్తగారూ వస్తారు.

నా మాట వింటే పాపకి అయిదు నిండేదాకా ఆగండి. ఆగలేమంటే పెట్టె బాబు గదిలోనే ఉండాలి, దానికి తాళం, గదికి తలుపు. వంటింటి సింకులో దాని సామాను ఏదీ కడగకూడదు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, శానిటైజర్ ఒక్కటే చాలదు. పాప చేత సరదాకి కూడా ముట్టించొద్దు, "ఒక్క ఫొటో" అని అసలే వద్దు.

జవాబు (హ్యూస్టన్ నుంచి)

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పాప కాస్త పెద్దదయ్యాక తెచ్చుకుంటే మీకూ నిశ్చింత, బాబు కూడా అప్పటికి ఇంకొంచెం ఎదుగుతాడు. ఈ పాము ఇరవై ఏళ్లు బతుకుతుంది, ఇంకా ఎక్కువ బతికినవీ ఉన్నాయి. బాబు కాలేజీకి వెళ్లాక చూసుకోవాల్సింది మీరేనని ఇప్పుడే ఒప్పుకుని దిగండి.

ఎలకల విషయంలో నేను చేసింది చెప్తాను. గరాజ్‌లో చిన్న ఫ్రీజర్ ఒకటి విడిగా కొన్నాను. గడ్డకట్టిన ఎలకని కరిగించే గిన్నె, పట్టకారు అన్నీ అక్కడే. వంటింటి గడప దాటి ఏదీ లోపలికి రాదు. మా అమ్మ వచ్చినప్పుడు కూడా ఇబ్బంది రాలేదు. అత్తగారికి మాత్రం టికెట్ కొనకముందే ఫోన్లో చెప్పండి. తెలియకుండా వచ్చి రాత్రిపూట చూసి భయపడటం ఆ వయసులో మంచిది కాదు. ఆవిడ ఒప్పుకోకపోతే ఆ మాటకి విలువ ఇవ్వండి.

బతికున్న ఎలకని వేయకండి, అది పాముని కొరికి గాయం చేస్తుంది. పిల్లకి వారం పది రోజులకోసారి చిన్న ఎలక, పెద్దదానికి రెండు మూడు వారాలకోసారి మధ్యస్థం సైజు ర్యాట్. పాము ఒంట్లో అన్నిటికన్నా లావైన చోటు ఎంత ఉందో, ఎలక లావు దానికి మించకూడదు. బోవాలకి కొవ్వు త్వరగా పడుతుంది, ఆబగా తింటోందని ఎక్కువ పెట్టకండి.

పర్మిట్ అవసరం లేదు. టెక్సస్‌లో ఆ పర్మిట్ బయటి నుంచి వచ్చిన విష సర్పాలకి, గ్రీన్ అనకొండ, రెటిక్యులేటెడ్ పైథాన్ లాంటి కొన్ని భారీ పాములకే. 2012, 2015లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ప్రమాదకరమని జాబితాలో చేర్చిన కొండచిలువల్లో, అనకొండల్లో కూడా ఇది లేదు. హవాయికి మారే ఆలోచన ఉంటే మాత్రం అక్కడ ఏ పామునీ పెంచుకోనివ్వరు. అద్దె ఇల్లయితే లీజు కాగితం చదవండి, మీ ఊరి నిబంధనలూ ఒకసారి చూడండి.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

అన్నా, మధ్యలో అడుగుతున్నా. ఇక్కడ కూడా కొందరు అమ్ముతున్నారు. తీసుకోవచ్చా?

జవాబు (ఫీనిక్స్ నుంచి)

తమ్ముడూ, జాగ్రత్త. ముందు ఒకటి గుర్తుపెట్టుకో. మన దేశపు పాముని, అది రెండు తలల పాము అని పిలిచేదైనా సరే, కొండచిలువైనా సరే, ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. రెయిన్‌బో బోవా విదేశీ జంతువు, కానీ అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్న సైటిస్ జాబితాలో ఉంది. చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి జంతువుని కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్లో నమోదు చేయాలి. కొనడం, అమ్మడం, పిల్లలు పుట్టడం, చనిపోవడం కూడా తెలియజేయాలి. కాగితాలు చూపించలేని వాడి దగ్గర కొనకు. దొంగచాటుగా విమానాల్లో సాక్సుల్లో చుట్టి తెచ్చిన పిల్లలు అప్పటికే సగం ఎండిపోయి ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు

పాపకి అయిదు వచ్చేదాకా ఆగుదామని ఇంట్లో నిర్ణయించాం. బాబు ముందు మొహం ముడుచుకున్నా, ఈలోగా పెట్టె తనే సిద్ధం చేస్తానన్నాడు. చివరిగా ఒక్కటి. తెచ్చాక చేతికి ఎలా అలవాటు చేయాలి? కరిచి పట్టుకుంటే ఏం చేయాలి?

జవాబు (హ్యూస్టన్ నుంచి)

మంచి నిర్ణయం. పెట్టె ముందే నడిపించి నెలరోజులు వేడి, తేమ రాసుకోమనండి. ఆ పుస్తకం చూస్తే బాబు శ్రద్ధ ఎంతో మీకే తెలుస్తుంది. కొనేటప్పుడు ఇక్కడే పుట్టిన పిల్లనే తీసుకోండి, అడవిలో పట్టి తెచ్చినది వద్దు. వాటికి పురుగులు, పిడుదులు ఎక్కువ, బెదురు త్వరగా పోదు. అమ్మేవాడి ముందే అది రెండు మూడుసార్లు తిన్నట్టు రికార్డు అడగండి.

తెచ్చాక రెండు వారాలు ముట్టుకోకండి. రెండు మూడుసార్లు తిండి తిన్నాక మొదలుపెట్టండి. చెయ్యి పైనుంచి దించకూడదు, పక్కనుంచి పోనిచ్చి ఒంటి మధ్యలో కింద నుంచి ఎత్తాలి. అంతకుముందు పాము కొక్కెంతో వీపు మీద మెల్లగా తాకాలి. రోజూ అలా చేస్తే, కొక్కెం తగిలితే తిండి కాదు, చెయ్యి వస్తోంది అని దానికి తెలిసిపోతుంది. మొదట్లో అయిదు నిమిషాలు చాలు, వారానికి మూడు నాలుగుసార్లు. బుస కొట్టినా, కంపు వదిలినా కంగారుపడి వెంటనే లోపల పెట్టేయకండి. కాస్త నెమ్మదించాక పెట్టండి. తిన్నాక రెండు రోజులు, కళ్లు పాలలా తెల్లబడి కుబుసానికి సిద్ధమవుతున్నప్పుడు అసలు కదపొద్దు. ఎలకని ముట్టిన చేత్తో పాముని ముట్టొద్దు.

కరిచి పట్టుకుంటే లాగకూడదు. పళ్లు లోపలికి వంగి ఉంటాయి, లాగితే చర్మం చీలుతుంది, దాని పళ్లు విరిగి లోపల ఉండిపోతాయి. చేతిని చల్లటి పంపు నీళ్ల కింద పెట్టండి, వదిలేస్తుంది. వదలకపోతే శానిటైజర్ చుక్క దాని నోటి పక్కన వేయండి. తర్వాత సబ్బుతో బాగా కడిగి, టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో చూసుకోండి. బాబు ఒంటరిగా ఉన్నప్పుడు మొదటి ఏడాది పెట్టె తెరవకూడదు. తాళం చెవి మీ దగ్గరే ఉంచండి.