రొటీన్ మూడో వారానికే ఎందుకు ఆగిపోతోంది? (2–11 షిఫ్ట్, నల్లా రోజులు, ఇంటి వంట)
ఒక ప్రశ్న, దానికి వచ్చిన జవాబులు. ప్రతి మాట పైనా ఉన్నది రాసినవాళ్ల మారుపేరు.

షిఫ్ట్ 2–11
హైదరాబాద్‌లో ఇల్లు తార్నాక, ఆఫీసు రాయదుర్గం. మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 షిఫ్ట్. రోజు విడిచి రోజు పొద్దున 6కి నల్లా వస్తుంది. అనుకున్నవి నాలుగు: 7 గంటల నిద్ర, రోజూ 45 నిమిషాల నడక, ఇంటి తిండి, పడుకునే ముందు ఫోన్ బంద్. ఒక్క రోజు తప్పితే ఆ వారమంతా పోతోంది. పట్టుదల గురించి వద్దు, ఎలా అమర్చుకోవాలో చెప్పండి.

లెక్కల పంతులు
ముందు నడక లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చే వేగంతో. రోజూ 45 అంటే 315. అంటే పై హద్దు కూడా దాటించి పెట్టుకుని, అందుకోలేదని తిట్టుకుంటున్నారన్నమాట. ఒక విడత కనీసం 10 నిమిషాలు ఉండాలన్న పాత షరతును కూడా 2020లో తీసేశారు. మెట్రో స్టేషన్ దాకా నడిచిన 8 నిమిషాలూ లెక్కలోకే వస్తాయి, కాళ్లు ఈడ్చుకుంటూ కాకుండా చకచకా నడిస్తే.

కాబట్టి రోజు లెక్క మానేసి వారం లెక్క పెట్టుకోండి. ప్రతి పనికీ రెండు కొలతలు ఉండాలి: నిండు కొలత, కనీసం కొలత. నడకకు నిండు 40, కనీసం 10. కనీసం అంటే జ్వరం తప్ప ఏ రోజైనా అయిపోయేంత చిన్నదిగా ఉండాలి. చాలామంది 20 దగ్గర పెడతారు, వాన పడ్డ రోజున అదీ కుదరదు. 10 నిమిషాలైతే అపార్ట్‌మెంట్ మెట్లమీదో సెల్లార్‌లోనో అయిపోతుంది.

ఇంకోటి, నాలుగూ ఒకే సోమవారం మొదలుపెట్టొద్దు. నిద్ర ఒక్కటే రెండు మూడు వారాలు చూడండి. అది కుదురుకోకుండా మిగతావి నిలవవు.

సంపు కాడ
అన్నా, నిద్ర సంగతైతే ముందుగాల ప్లంబర్‌ను పిలువు. 12కు ఇంటికొచ్చి ఒంటిగంటకు పడుకునేటోడు 6కు నల్లా కోసం లేస్తే ఇంక 7 గంటలు యాడికెల్లి వస్తయ్? సంపు ఉంటే లోపల ఫ్లోట్ వాల్వ్ పెట్టియ్యి. నీళ్లొస్తే తెరుచుకుంటది, నిండితే బంద్ అయితది. నల్లా నీళ్లు వాటంతటవే సంపుల పడే ఇండ్లకే ఇది పనికొస్తది. మోటర్ ఏస్తే గాని రాని గల్లీలల్ల కుదరదు. రెండు మూడు నెలలకోసారి తీసి కడగాలె. ఇసుక, పాచి పట్టి బాల్ ఇరుక్కుంటే నీళ్లన్నీ బయటికే.

ఫ్లోట్ కుదరకపోతే నల్లా దినం ఒక లెక్క, నల్లా లేని దినం ఒక లెక్క. నల్లా దినం నడక కనీసం కొలతే, గంతే. ముందుగాల్నే రాసిపెట్టుకుంటే అది తప్పినట్టు కాదు.

రాత్రి డ్యూటీ
నల్లా రోజున 6కి లేవక తప్పకపోతే, నీళ్లు పట్టాక మళ్లీ మంచమెక్కి 9:30 దాకా పడుకోకండి. ఆ రాత్రి నిద్ర పట్టక మర్నాడు కూడా పోతుంది. బదులు పొద్దున 11:30 ప్రాంతంలో 20 నిమిషాల కునుకు తీయండి, అలారం పెట్టుకుని. అరగంట దాటితే గాఢనిద్రలో లేచినట్టయి ఆఫీసులో తల దిమ్ముగా ఉంటుంది.

మిగతా రోజుల్లో రాత్రి 12:45కి పడుకుని పొద్దున 7:45కి లేవడం. ఆదివారమైనా ఒక గంటకు మించి జరపొద్దు. పడుకునే టైం మన చేతుల్లో ఉండదు, క్యాబ్ లేటవచ్చు, నిమజ్జనం రోజున అసలు కదలకపోవచ్చు. లేచే టైం మాత్రం ఉంటుంది. ఎప్పుడూ దాన్నే పట్టుకోండి.

సాయంత్రం 6:30 తర్వాత చాయ్ వద్దు. తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. 9 గంటల బ్రేక్‌లో తాగిన ఇరానీ చాయ్ పడుకునేటప్పటికి ఇంకా సగానికి పైగా ఒంట్లోనే ఉంటుంది.

పూర్తి నైట్ షిఫ్ట్ వాళ్లకు (సాయంత్రం 6:30 నుంచి తెల్లవారుజామున 3:30) పద్ధతి వేరు. డ్యూటీ రోజుల్లో 4:30–11:30 నిద్ర. సెలవు రోజున ఇంట్లోవాళ్లతో సమానంగా 10కే పడుకోవాలని చూడకుండా 2కి పడుకుని 9కి లేవండి. 4:30 నుంచి 9 దాకా రెండు రకాల రోజుల్లోనూ నిద్రే ఉంటుంది. ఆ నాలుగున్నర గంటలు కదలకపోతే ఒళ్లు మరీ తికమకపడదు.

పోపులడబ్బా
తిండి దగ్గర అందరూ చేసే పొరపాటు, రోజుకో మెనూ రాసుకోవడం. మంగళవారం చుట్టాలొస్తే బుధవారం నుంచి ఆ కాగితం చెత్తబుట్టలోకి. నూనెను నెల లెక్కన చూడండి. మీ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2000 కెలోరీల భోజనానికి రోజుకు 27 గ్రాముల కొవ్వు అంటుంది, నెయ్యి కూడా అందులోదే. నలుగురికి నెలకు 3.2 కిలోల చిల్లర, అంటే లీటర్లలో దాదాపు మూడున్నర. ఒకటో తారీకున అరకిలో నెయ్యి, మూడు లీటర్ల నూనె విడిగా పెట్టేసి, నెలంతా అందులోంచే వాడండి. బోనాలకు బూరెలు, గారెలు వేయించుకోండి, తర్వాత వారం కూరలు ఆవిరి మీద మగ్గుతాయి. ఎవరినీ ఎవరూ కట్టడి చేయక్కర్లేదు. డబ్బా 20వ తేదీకే అడుగంటితే తప్పు తిన్నవాళ్లది కాదు, పోపు గరిటది. చాలాసార్లు ఆ గరిటలో మూడు చెంచాల నూనె పడుతుంది!

వండే ఓపిక లేని రోజుకు రెండు సిద్ధంగా ఉండాలి. ఒకటి, ఉప్పు, తాలింపు లేకుండా ఉడికించిన కందిపప్పు: కప్పు పప్పుకు మూడు కప్పుల నీళ్లు, ఆరగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో, రెండు రోజులు. టమాటానో పాలకూరో కలిపి 10 నిమిషాల్లో దించేయొచ్చు. రెండోది అటుకులు, పెరుగు. అరకప్పు అటుకులు తడిపి, నీళ్లు పిండేసి, కప్పు పెరుగు, గుప్పెడు వేయించిన పల్లీలు. పొయ్యి వెలిగించే పనే లేదు.

షిఫ్ట్ 2–11 గారూ, పెద్ద భోజనం ఆఫీసులో 8 లోపే కానివ్వండి. 12 గంటలకు అన్నం, పప్పు, వేపుడు తిని ముప్పావుగంటలో పడుకుంటే ఛాతీలో మంట ఖాయం. ఇంటికొచ్చాక ఒక గ్లాసు మజ్జిగ, ఆకలైతే ఒక అరటిపండు.

ఒప్పుకోను
కనీసం కొలత, ముందే రాసుకున్న సెలవు... వినడానికి బాగున్నాయి. మన మీద మనకు దయ అనే పేరుతో బద్ధకాన్ని సోఫాలో కూర్చోబెట్టడం కాదా ఇది?

లెక్కల పంతులు
తేడా పట్టుకునే గుర్తు ఒకటుంది. మినహాయింపు ముందురోజు పుట్టిందా, అలారం మోగాక పుట్టిందా? "రేపు నల్లా, కాబట్టి 10 నిమిషాలే" అనేది ఏర్పాటు. "ఇవాళ చలిగా ఉందిలే" అనేది బద్ధకం. రెండోది వచ్చినా కనీసం కొలత మిగిలే ఉంటుంది కదా, అది చేయండి.

తిట్టుకోవడం వల్ల పని జరుగుతుందనేదే అసలు పొరపాటు. లండన్‌లో 96 మంది మీద చేసిన ఒక పరిశీలనలో అలవాటు కుదురుకోవడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు, కొందరికి 18, కొందరికి 254 రోజుల అంచనా. మధ్యలో ఒకసారి తప్పితే పెద్దగా తేడా రాలేదు. అంటే మూడో వారం దగ్గర "నేను ఆరంభశూరుణ్ణి" అని తీర్పు చెప్పుకునేవాళ్లు సగం దారి కూడా నడవకుండానే చెప్పుకుంటున్నారు.

తప్పిన రోజున బాకీ తీర్చొద్దు. నిన్న 40 పోయిందని ఇవాళ 80 నడిస్తే ఎల్లుండి మోకాళ్లు పట్టేస్తాయి. బాకీ రద్దు. ఏం అడ్డొచ్చిందో రెండు మాటలు రాసుకోండి, అంతే. అదే కారణం మూడుసార్లు కనబడితే మార్చాల్సింది టైమ్, మనిషిని కాదు.

మందుల చీటీ
ఈ వెసులుబాటు మందులకు లేదని కూడా ఎవరో ఒకరు చెప్పాలి. బీపీ మాత్ర కనీసం కొలత అని సగం వేసుకోరు. థైరాయిడ్ మాత్ర పరగడుపున, చాయ్‌కి అరగంట నుంచి గంట ముందు. షిఫ్ట్ మారితే టైం ఎలా జరపాలో డాక్టర్‌నే అడగండి. మర్చిపోతే మర్నాడు రెండు కలిపి మింగొద్దు. ఇన్సులిన్ వాడేవాళ్లు భోజనం మానడం, జరపడం సొంతంగా చేయొద్దు.

రెండు వారాలు దాటినా దేని మీదా మనసు పోకపోతే అది రొటీన్ సమస్య కాకపోవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌లో (నంబరు 14416) తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు.

షిఫ్ట్ 2–11
ఫ్లోట్ వాల్వ్ ఆలోచనే రాలేదు, థాంక్స్ అన్నా. ఈ లెక్కంతా రాసుకోవడానికి యాప్ ఏదైనా ఉందా?

పోపులడబ్బా
యాప్ ఎందుకు, వంటింట్లో తెలుగు క్యాలెండర్ లేదూ? పాల లెక్క రాసినట్టే. నిండు కొలతకు నిలువు గీత, కనీసానికి చుక్క, లేకపోతే గడి ఖాళీ. పాలు రాని రోజున గడిలో ఎర్ర ఇంకుతో ఇంటూ కొడతామా? ఆదివారం ఒక్కసారి చూసుకోండి, గీతలు చుక్కలు కలిపి అయిదుంటే ఆ వారం బాగున్నట్టే.

సంపు కాడ
పెన్సిల్‌ను దారంతోని క్యాలెండర్‌కే కట్టుండ్రి. దేవులాడే పనిబడితే రెండో వారానికే బంద్.