గోదావరి కోకో చాక్లెట్‌ని కుకీల్లో వేయడం దండగేనా?

కూకట్‌పల్లి_ఓవెన్:
ఇంట్లోనే కుకీలు చేసి ఆర్డర్ల మీద అమ్ముతాను. మామూలుగా కాంపౌండ్ చిప్స్, అంటే కోకో కొవ్వు బదులు వనస్పతి వేసి చేసే చవక చాక్లెట్ ముక్కలు, వాడతాను. ఈమధ్య అందరూ మన గోదావరి కోకో గొప్పది అంటుంటే, ఆ గింజలతో చేసిన 70 శాతం డార్క్ బార్లు తెప్పించి, కత్తితో తరిగి పిండిలో కలిపాను. ఓవెన్ తెరిస్తే ఇల్లంతా వాసన. కానీ తిన్నవాళ్లలో సగం మంది "ఏదో పుల్లగా ఉందండీ" అన్నారు. ఒకావిడైతే చాక్లెట్ పాడైపోయిందని డబ్బా తిప్పి పంపి డబ్బులు అడిగింది. ఇచ్చేశాను. ఆ బార్ ఖరీదు తెలిసినవాళ్లకు నా బాధ అర్థమవుతుంది. ఈ చాక్లెట్ బార్‌గా తినడానికే బాగుంటుంది, కుకీల్లో వేస్తే దండగ అని నా అభిప్రాయం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

డాలస్_వంటిల్లు:
పంచదార ఏది వాడారు? తెల్లదా, బ్రౌన్ షుగరా?

కోకోతోట_కామవరపుకోట:
పుల్లగా ఉంటే పాడైపోయినట్టా అండీ? కొబ్బరి తోటలో అంతరపంటగా మా నాన్నగారి కాలం నుంచి కోకో వేస్తున్నాం. కాయ కొట్టి, తెల్లటి గుజ్జుతో సహా గింజల్ని చెక్కపెట్టెల్లో పోసి అరిటాకులు కప్పుతాం. ఐదారు రోజులు పులియాలి. మధ్యమధ్య తిరగేయాలి. గుజ్జులో చక్కెర ముందు ఆల్కహాల్‌గా మారుతుంది, ఆ తర్వాత వెనిగర్‌లో ఉండే ఆమ్లంగా మారుతుంది. మూడో రోజు ఆకు ఎత్తితే ఆ ఘాటుకి కళ్లల్లో నీళ్లొస్తాయి, చెయ్యి పెడితే కాలుతుంది. ఆ వేడికే గింజ చచ్చి, లోపలి ఊదారంగు పోయి గోధుమరంగు తిరుగుతుంది. అలా పులియని గింజకి చాక్లెట్ రుచే రాదు. మీవాళ్లు నాలుక మీద పెట్టుకుని పాడైందన్నది మా కష్టాన్నే. పంచదార, వనస్పతి కలిపిన కాంపౌండ్‌కి అలవాటు పడ్డ నోటికి కోకో రుచి తెలియకపోతే ఆ తప్పు కోకోదా?

రసాయనం_మాస్టారు:
ఇద్దరి మాటలోనూ కొంత ఉంది. పులిసినప్పుడు పుట్టిన ఆమ్లం ఎండబెట్టేటప్పుడు నెమ్మదిగా బయటికి పోవాలి. తొందరగా ఎండితే పైపొట్టు బిగుసుకుపోయి ఆమ్లం లోపలే ఉండిపోతుంది. తేమ 7 శాతానికి వచ్చేదాకా ఓపిగ్గా ఎండాలి. తర్వాత వేయించేటప్పుడు కొంత, నూరేటప్పుడు కొంత పోతుంది. అన్నీ సరిగ్గా జరిగాక మిగిలేది పళ్ల పులుపు, అది బాగుంటుంది. ముక్కుకి తగిలే వెనిగర్ ఘాటు మాత్రం లోపమే.

ఇక కుకీ సంగతి. పిండిలో వేసిన సోడా పిండిలోని ఆమ్లంతోనే కలుస్తుంది. చాక్లెట్ ముక్క లోపలికి పోదు. అందుకని ముక్క పులుపు ముక్కలోనే ఉంటుంది. చాక్లెట్లో మూడోవంతు కరిగించి వెన్నలో కలపమ్మా, మిగతాది ముక్కలుగా వెయ్యి. పిండికీ ముక్కకీ మధ్య తేడా తగ్గుతుంది.

ఏలూరు_పాఠకుడు:
ఒక్క మాట. కామవరపుకోట, చింతలపూడి వైపు తోటలు 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లాలో ఉన్నాయి. బార్ల మీద ఇంకా పశ్చిమ గోదావరి అనే వేస్తున్నారు.

కోకోతోట_కామవరపుకోట:
మాస్టారూ, మేం తొందరగా ఎండబెట్టామని ఎవరు చెప్పారు మీకు? రాత్రి చినుకు పడితే లేచి పరుగెత్తి పట్టాలు కప్పేది మేం.

రసాయనం_మాస్టారు:
మీ గింజ గురించి అనలేదు బాబూ. పులుపు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాను.

కూకట్‌పల్లి_ఓవెన్:
పులుపు ఒక్కటే కాదు మాస్టారూ. కాంపౌండ్ చిప్ వేస్తే చిప్ లాగే ఉంటుంది. ఈ బార్ ముక్కలు కరిగి అడుగున మడుగు కట్టి, చల్లారాక పైన తెల్లటి చారలు తేలాయి. ఫొటోలో మచ్చల్లా కనిపిస్తున్నాయి. ఆ ఫొటో చూసి ఆర్డర్ ఎవరిస్తారు?

డాలస్_వంటిల్లు:
కరగాలనే కదండీ వేసేది! కోకో బటర్, అంటే గింజలోని కొవ్వు, 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, నోట్లో హాయిగా ఉండేది అందుకే. అసలు చాక్లెట్ చిప్ కుకీ మొదలైందే బార్ తరగడంతో. 1930ల చివర్లో మసాచుసెట్స్ టోల్ హౌస్ ఇన్‌లో రూత్ వేక్‌ఫీల్డ్ చాక్లెట్ బార్‌ని ముక్కలు చేసి వేసింది. చిప్స్ అమ్మకానికి వచ్చింది ఆ తర్వాత. పిండిని ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి కాలిస్తే అంత పారదు. బ్రౌన్ షుగర్ వేస్తే అందులోని మొలాసిస్ (చెరకు మడ్డి) రుచి ఆ పులుపుతో బాగా కలుస్తుంది. అందుకే అడిగాను, మీరు జవాబే ఇవ్వలేదు.

కూకట్‌పల్లి_ఓవెన్:
తెల్ల పంచదార. ఇక్కడ బ్రౌన్ షుగర్‌కి ఇంకో ఖర్చు. అందరూ ఇది మార్చు, అది కలుపు అంటున్నారు. నా ఆర్డర్లలో ఎక్కువ పిల్లల పుట్టినరోజులవి. ఆరేళ్ల పిల్లాడికి పళ్ల పులుపు గురించి పాఠం చెప్పనా? తోట అన్నయ్యా, కోపం వద్దు గానీ ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో పిల్లల పుట్టినరోజుకి ఏ చాక్లెట్ కొన్నారు?

కొత్తగా_చేరాను:
మంచి ప్రశ్న.

కోకోతోట_కామవరపుకోట:
మా ఊరి కొట్లో దొరికే పది రూపాయల బారే కొన్నాను. దాచుకోవాల్సిందేమీ లేదు. మా గింజతో చేసిన బార్ హైదరాబాద్ బంజారాహిల్స్ షాపుల్లో అద్దాల వెనక ఉంటుంది.

మీరు అడిగారు కాబట్టి అసలు విషయం చెప్తాను. ఘనా, ఐవరీ కోస్ట్‌లలో పంట దెబ్బతిని 2024లో మా దగ్గర ఎండుగింజ కిలో వెయ్యి దాటింది. మరుసటి ఏడాదికల్లా ఐదొందల లోపుకి పడిపోయింది. ఏలూరులో రోడ్డెక్కితే ప్రభుత్వం కిలోకి 50 కలిపి ఐదొందలు చేయించింది. ఆ రోజుల్లో ఒక కొనుగోలుదారు నా గింజ కోసి చూశాడు. లోపల పగుళ్లు చక్కగా విచ్చి, రంగు తిరిగి ఉంది. భలే పులిసిందన్నాడు. తీరా తూకం దగ్గర, పక్కాయన సరిగా పులియబెట్టకుండా ఎండేసిన సరుక్కి ఇచ్చిన రేటే నాకూ కట్టాడు. ఆ వారం రోజుల చాకిరీకి పైసా విలువ లేదు. ఆ విలువ కట్టేది ఈ చిన్న చాక్లెట్ తయారీవాళ్లే. వాళ్ల సరుకు షాపులో నలుగురు డబ్బున్నవాళ్లు కొరుక్కు తినడంతో సరిపోతే మా తోటలు నిలబడవు. మీలాంటివాళ్ల వంటింట్లోకి రావాలి. మీరే దండగంటే మేం రేపట్నుంచి పులియబెట్టడం మానేసి పచ్చిగింజ అమ్ముకుంటాం.

కూకట్‌పల్లి_ఓవెన్:
ఇది మొదటే చెప్పి ఉంటే నా కస్టమర్ల నాలుకల్ని తిట్టే పని ఉండేది కాదు. మంచి గింజకి మంచి రేటు రావాలి, నేనెందుకు కాదంటాను? ఆ తేడా నేనెందుకు భరించాలన్నదే నా ప్రశ్న. కంపెనీ మీకు ఎగ్గొట్టింది. షాపువాడు నాకు కాంపౌండ్‌కి ఎన్నో రెట్లు రేటు వేశాడు. మధ్యలో డబ్బా వెనక్కి తీసుకుని చేతి డబ్బు ఇచ్చింది నేను. మన ఊరి పంట, కొనండి అంటే గ్యాస్ బిల్లు కట్టుకునే ఆడదాన్ని ఎలా కొనను? నేను పెట్టే ధరలో మీకు ఎంత చేరుతుందో చెప్పండి. అది లేబుల్ మీద వేసి, పెద్దవాళ్ల డబ్బా అని విడిగా ధర పెట్టి అమ్ముతాను. పిల్లల డబ్బాలో మాత్రం కాంపౌండే.

రసాయనం_మాస్టారు:
పిల్లల డబ్బాలో కాంపౌండ్ ఎందుకమ్మా? మిల్క్ చాక్లెట్ ఉంది కదా.

కూకట్‌పల్లి_ఓవెన్:
దాని రేటు కూడా మీరే చెప్పండి మాస్టారూ.

కోకోతోట_కామవరపుకోట:
బార్ ధరలో మాకు చేరేది ఎంతో మాకెవరూ చెప్పరు. పులిసిన గింజకి కిలోకి ఎంత కట్టారు, మామూలు గింజకి ఎంత, ఈ రెండూ నా బిల్లుల్లో ఉన్నాయి. ఇక్కడే పెడతాను. మీరు కూడా డబ్బాకి మీకు ఎంత మిగులుతుందో పెట్టాలి.

కూకట్‌పల్లి_ఓవెన్:
పెడతాను. మీ బిల్లులు ముందు రానివ్వండి.