సీ డ్రైవ్ ఎర్రబడింది, విండోస్ ఫోల్డర్‌లో ఏవి తీసేయొచ్చు?

బైరాగిపట్టెడ
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. ఇంట్లో ఒక డెస్క్‌టాప్ ఉండాది. 8 జీబీ ర్యామ్, 128 జీబీ ఎస్‌ఎస్‌డీ (విండోస్‌లో చూపించేది 119 మాత్రమే). విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందని పోయిన వారమే 11కి మార్చినాం. అప్పట్నుంచి సీ డ్రైవ్ గీత ఎర్రగా ఉండాది, మిగిలింది 2 జీబీ.

మా మేనల్లుడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. వచ్చి దాగి ఉండే ఫైళ్లన్నీ కనబడేట్టు చేసి లెక్క రాసిచ్చినాడు. విండోస్.ఓల్డ్ 21 జీబీ, విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ 12, ఇన్‌స్టాలర్ అనే ఫోల్డర్ 7, పేజ్‌ఫైల్.సిస్ 5, హైబర్‌ఫిల్.సిస్ 3.2. "మామా, ఇవేవీ నువ్వు పెట్టినవి కావు కదా, లేపేద్దాం" అంటాడు. కొన్నిటికి ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనుమతి కావాలని అడ్డం పడతా ఉంటే, దానికీ వీడియో చూసి దారి కనిపెట్టినాడు. టాస్క్ మేనేజర్‌లో ఎస్‌వీసీహోస్ట్ అని యాభై పైన కనబడితే అదీ వైరస్సే అంటాడు.

ఆదివారం మళ్లీ వస్తానన్నాడు. ఆ కంప్యూటర్లో మా ఆవిడ ట్యూషన్ పిల్లోళ్ల మార్కులు, మా అమ్మాయి పెళ్లి ఫోటోలు ఉండాయి. తెలిసినోళ్లు చెప్పండి.

లీలామహల్ సర్కిల్
అన్నా, టెంప్ ఫోల్డర్ లేపేయ్, రీసైకిల్ బిన్ ఖాళీ చెయ్. సగం కష్టం తీరిపోతాది. మిగతావి కూడా ఏం కాదులే, కావాల్సింది విండోసే మళ్లీ తెచ్చుకుంటాది. నేను ఎన్నిసార్లు చేసినానో.

మిట్టూరు మామిడి
అన్నా, మాది చిత్తూరు. "విండోసే తెచ్చుకుంటాది" అనే మాట నమ్మి చెడిపోయినోణ్ణి, కొంచెం ఓపిగ్గా చదవండి.

2002లో నేను డిగ్రీ. నెట్ సెంటర్లో కూర్చోని ఉంటే స్నేహితుడి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఎలుగుబంటి పిల్ల బొమ్మతో జేడీబీజీఎంజీఆర్.ఈఎక్స్‌ఈ అని ఒక ఫైలు ఉంటాది, అది వైరస్, వెంటనే తీసేసి తెలిసినోళ్లందరికీ చెప్పండి అని. వెతికితే నిజంగానే ఉండాది, బొమ్మతో సహా! తీసేసి, ఇంకో ఇరవై మందికి మెయిల్ కొట్టినా. అది వైరస్ కాదు, జావా ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం విండోస్‌తో పాటే వచ్చే ఫైలు. మాలాంటోళ్లకి దాంతో పని లేదు కాబట్టి తీసేసినా ఏమీ కాలేదు. ఆ ఏమీ కాకపోవడమే నన్ను చెడగొట్టింది. తెలియని ఫైలు తీసేస్తే పోయేదేముంది అనే ధైర్యం ఆ రోజే వచ్చింది.

ఆ ధైర్యంతోనే కొన్నేళ్ల కింద కనుమ రోజు తీరిగ్గా కూర్చోని, మీరు చెప్పిన ఆ ఇన్‌స్టాలర్ ఫోల్డర్ మొత్తం ఊడ్చేసినా. అర్థం లేని పేర్లతో వందల ఫైళ్లు. 9 జీబీ మిగిలింది. ఫిబ్రవరి బాగుంది, మార్చి బాగుంది. జూన్లో తోతాపురి కాయలు తోలే సీజన్ మొదలైనాక మా అన్న లెక్కల ప్రోగ్రామ్ అప్‌డేట్ అడిగింది. సరే అంటే, ఫలానా ఎంఎస్‌ఐ ఫైలు (ఆ ప్రోగ్రామ్‌ని వేసిన సెటప్ ఫైలు) యాడుందో చూపించు అనింది. రిపేర్ చేద్దామంటే అదే మాట, తీసేసి మళ్లీ వేద్దామంటే అదే మాట. తీసెయ్యడానికి కూడా ఆ ఫైలే కావాల! పక్కింటోళ్ల కంప్యూటర్ నుంచి తెచ్చి పెడదామంటే, ఏ మిషన్‌కి ఆ మిషన్‌వే, పనికిరావు. ఆఖరికి విండోస్ మొత్తం కొత్తగా వేయించినా. ఆ రెండు రోజులు ట్రాక్టర్ల తూకం చీటీలు చేత్తో రాసినాం. మా అన్న ఇప్పటికీ దెప్పతానే ఉంటాడు.

ఇంక మీ లెక్కకొస్తా. విండోస్.ఓల్డ్ పాత విండోస్ 10. పది దినాల దాకా వెనక్కి పోయే వీలు కోసం పెట్టింది, తర్వాత విండోసే తీసేస్తాది. 11 బాగుందనుకుంటే ఇప్పుడే తీసేయొచ్చు, కానీ డిలీట్ బటన్‌తో కాదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్, అందులో ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్ అని ఉంటాది, అది టిక్ పెట్టండి. దాంట్లోనే 21 జీబీ వస్తాది, మిగతా వాటి జోలికి పోయే పనే ఉండదు.

హైబర్‌ఫిల్ హైబర్నేట్ కోసం, అంటే తెరిచిన పనులన్నీ డిస్క్ మీద దాచి కంప్యూటర్ ఆపేదాని కోసం. మీది డెస్క్‌టాప్ కాబట్టి అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్ అని కొడితే అదే పోతాది. ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతాది, ఆన్ అయ్యేదానికి కాస్త ఎక్కువసేపు పడతాది, అంతే. పేజ్‌ఫైల్ అంటే ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే చోటు. 8 జీబీ ర్యామ్‌కి అది కావాల, వదిలేయండి.

విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ విండోస్ తన సొంత భాగాలు పెట్టుకునే ఫోల్డర్. అది చూపించే 12 జీబీ నిజం లెక్క కాదు. ఒకే ఇంటికి వీధి తలుపు, పెరటి తలుపు ఉన్నట్టు, అందులో చాలా ఫైళ్లు సిస్టమ్32లో కనబడేవే. డిస్క్ మీద ఉండేది ఒకటే, లెక్కలో మాత్రం రెండుసార్లు పడతాది. ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అంటే విండోస్ తన ఫైళ్లకి పెట్టుకున్న కాపలా. దాని అనుమతి కావాల అని అడ్డం పడేది తాళం వేసిన గది లాంటిది. మేనల్లుడు తెలివైనోడే, కానీ తాళం తీయడం వచ్చినంత మాత్రాన లోపల ఉండేవి ఎందుకుండాయో తెలిసినట్టు కాదు కదా.

రేణిగుంట రైలు
ఎస్‌వీసీహోస్ట్ విండోస్ సర్వీసుల్ని (వెనకాల నడిచే పనుల్ని) నడిపే ప్రోగ్రామ్, అన్ని ఉండడం మామూలే సార్. 2017లో వచ్చిన క్రియేటర్స్ అప్‌డేట్ నుంచి 3.5 జీబీ కన్నా ఎక్కువ ర్యామ్ ఉంటే చాలా సర్వీసులు దేనికది విడిగా నడుస్తాయి. అనుమానముంటే దాని మీద రైట్ క్లిక్ కొట్టి ఓపెన్ ఫైల్ లొకేషన్ చూడండి. సిస్టమ్32లోనో సిస్‌వావ్64లోనో ఉంటే సరి. అదే పేరుతో టెంప్‌లోనో డౌన్‌లోడ్స్‌లోనో ఉంటే మాత్రం చేత్తో తీయకండి, విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి.

బైరాగిపట్టెడ
అందరికీ ధన్యవాదాలు. మిట్టూరు తమ్ముడు చెప్పినట్టే చేసినా. ఇప్పుడు 26 జీబీ ఖాళీ, గీత నీలంగా మారింది. మేనల్లుడికి ఫోన్ చేసి ఇంక ఆదివారం రావద్దులే అని చెప్తే, నిదానంగా ఇంకో మాట బయటపెట్టినాడు. పోయినసారి వచ్చినప్పుడే ఇన్‌స్టాలర్‌లో కొన్ని లేపినాడంట. ఏవో గుర్తు లేదంట.

మిట్టూరు మామిడి
అయ్యో. రీసైకిల్ బిన్ ముట్టుకోవద్దన్నా. ముందు అందులో చూడండి, ఉంటే రీస్టోర్ కొట్టండి, ఎక్కడివి అక్కడికే పోతాయి.

బైరాగిపట్టెడ
లీలామహల్ తమ్ముడు చెప్పినాడని దాన్ని నిన్ననే ఖాళీ చేసినాను.

మిట్టూరు మామిడి
సరే, కంగారు పడొద్దు. ఈ రోజే ఫోటోలు, మార్కులు ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. మీ ప్రోగ్రాముల సెటప్ ఫైళ్లు, సీడీలు ఏమేం ఉండాయో వెతికి ఒక చోట పెట్టండి. రేపు ఏదైనా అప్‌డేట్ మొరాయిస్తే, అదే వెర్షన్ సెటప్ మళ్లీ నడిపితే పోయిన ఫైలు ఒక్కోసారి తిరిగొస్తాది. ఏది మొరాయించిందో ఇక్కడే రాయండి, చూద్దాం.